ఇసుకలో సమాధులు వెతికిన మాస్టారు

జీవరత్నం మాస్టారు కాలధర్మం చెందారన్న మాట నా చెవిన పడేటప్పటికి నేను తొమ్మిదో తరగతిలో ఉత్పలమాలకు గణవిభజన చేయిస్తున్నాను. మా బడి ప్యూను గుమ్మంలోనే నిలబడిపోయి, "పంతులుగారండీ, సైన్సు మాస్టారు తెల్లారగట్ట పోయేరంటండీ. గుండాగిపోయిందంట" అన్నాడు. చేతిలోని సుద్దముక్క బల్ల మీద పెట్టాననుకున్నాను. కింద పడిందట, పిల్లలే తీసి ఇచ్చారు. ఉద్యోగవిరమణ చేసి ఏడాదైనా నిండని మనిషి! మొన్న ఆదివారమే మా ఇంటికి వచ్చి, మొండికేసిన గోడగడియారాన్ని విప్పి, మళ్ళీ బిగించి, ఒక స్క్రూ మిగిల్చారు. ఇదేమిటండీ అంటే "మిగిలిందంటే అక్కర్లేనిదేనండీ, దాచుకోండి" అని నవ్వారు. ఆ గడియారం ఇప్పటికీ సరిగ్గానే నడుస్తోంది. దైవమా, ఇదేం న్యాయం!

సంతాపసభల్లో పద్యం చదవడానికి మా తాలూకాలో ముందు నన్నే పిలుస్తారు. పోయినవారినందరినీ దానశీలురనీ, సత్యసంధులనీ, అజాతశత్రువులనీ చదివి చదివి నా నాలుక మొద్దుబారిపోయింది. బతికున్నప్పుడు పిల్లికి బిచ్చం పెట్టని మహానుభావుల మీద కూడా సీసపద్యాలు అల్లాను, భగవంతుడు నన్ను క్షమించుగాక. ఈసారి మాత్రం ఒక్క విశేషణం కూడా అప్పు తెచ్చుకోవలసిన అవసరం లేదు. ఉన్నది ఉన్నట్టు చెబితే చాలు. అదే కష్టంగా ఉంది.

ముందుగా ఒక అపప్రథను తుడిచిపెట్టాలి. అమలాపురం మొదలుకుని రాజోలు దాకా ఆయనను ఎరగనివారు 'లంకెబిందెల మాస్టారు' అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆయన భూమిలోని లోహాన్ని కనిపెట్టే యంత్రం స్వహస్తాలతో తయారుచేసిన మాట నిజమే. దానిని భుజాన వేసుకుని గోదావరి లంకల్లో ఎండనక వాననక తిరిగిన మాటా నిజమే. అయితే ఆయన వెతికింది బంగారం కోసం కాదు. వరద ఇసుక కింద కప్పబడిపోయిన తన కన్నబిడ్డ సమాధి కోసం. తెలియనివారు తెలుసుకోండి, తెలిసీ హాస్యమాడినవారు సిగ్గుపడండి.

ఆయన పుట్టింది గోదావరి పాయల మధ్యనున్న ఒక చిన్న లంకలో. తల్లిదండ్రులు పొగాకు చేలల్లోనూ, వరి చేలల్లోనూ కూలికి వెళ్ళి, మిషను బడిలో కొడుకును చదివించారు. ఆయన బి.ఎస్సీ. పూర్తిచేసి, టీచరు ట్రైనింగు అయి, మా హైస్కూలుకు సైన్సు మాస్టారుగా వచ్చిన ఏడే నేనూ పలివెల నుంచి తెలుగు పండితుడిగా వచ్చి చేరాను. ఇద్దరికీ ఒకటే స్టాఫు గది, పక్కపక్క కుర్చీలు. నాకు యంత్రాలంటే భయం, ఆయనకు ఛందస్సంటే నిద్ర. అయినా మా స్నేహం కుదిరింది. నేను వాళ్ళింట్లో కాఫీ తాగుతానని మా వీధిలో కొందరు మూతులు తిప్పారు. తిప్పుకోనీ! కరుణమ్మగారి కాఫీ వాళ్ళకు దొరకలేదు, అదీ వాళ్ళ బాధ.

కరుణమ్మగారు ఆయన ధర్మపత్ని. వారికి తొలిచూలు మగబిడ్డ. ఉద్యోగం రాకముందు, ఆ దంపతులు లంకలో అత్తమామల దగ్గర ఉన్న రోజుల్లో, ఏణ్ణర్ధం పసివాడు జ్వరంతో కన్నుమూశాడు. లంకలోని శ్మశానంలోనే పాతిపెట్టారు. పెద్దలకైతే లోతుగా తవ్వుతారు, పసివాళ్ళ గొయ్యి పైపైనే ఉంటుంది. లంకలో నక్కలు ఎక్కువ. ఇంకెక్కడైనా అయితే పైన నాలుగు రాళ్ళు పేరుస్తారు. మా కోనసీమ ఒండ్రు నేలలో వెతికినా గులకరాయి దొరకదే, రాళ్ళెక్కడివి! అప్పుడు మాస్టారి తల్లిగారు ఇంటికి వెళ్ళి, పొయ్యి మీద అట్లు పోసుకునే ఇనుప పెనం పట్టుకొచ్చి, బిడ్డ మీద కప్పిన మట్టిపై బోర్లించి, దాని మీద మళ్ళీ మట్టి కప్పించారట. "నా మనవణ్ణి ఏ నక్కా ముట్టుకోదు" అన్నారట ఆ తల్లి. ఆ పూట నుంచి ఆ ఇంట్లో మరో పెనం కొనలేదని కరుణమ్మగారే నాతో చెప్పారు.

తరువాత వారికి ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు, ఉద్యోగం వచ్చింది, కాపురం మా ఊరికి మారింది. అయినా ఏటేటా సమాధుల పండుగకు దంపతులిద్దరూ నావ ఎక్కి లంకకు వెళ్ళేవారు. క్రైస్తవులు ఆ రోజు తమవారి సమాధులను శుభ్రం చేసి, సున్నం వేసి, పూలు చల్లి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఆ సమాధి దగ్గర కరుణమ్మగారు ఏడవరు, కబుర్లు చెబుతారు. చెల్లెళ్ళు ఏం చదువుతున్నారో, ఇంట్లో కొత్తగా ఏం కొన్నారో అన్నీ చెప్పి, కొవ్వొత్తి అయిపోయేదాకా కూర్చుని వచ్చేవారు.

ఒక ఏడు వచ్చిన వరద మాత్రం సామాన్యమైనది కాదు. లంక మొత్తం మునిగింది. నీరు తీశాక వెళ్ళి చూస్తే శ్మశానమే లేదు. కర్ర సిలువలు కొట్టుకుపోయాయి, మట్టి దిబ్బలు అణిగిపోయాయి, మూరెడు పైచిలుకు ఇసుక మేట వేసి, ఆ జాగా అంతా అరచేయిలా చదునైపోయింది. ఆనవాలుగా ఉన్న రెండు తాటిచెట్లు కూడా ఏటిపాలయ్యాయి. ఎవరిది ఎక్కడో చెప్పగలిగినవాడు లేడు. తిరిగివచ్చేటప్పుడు నావలో కరుణమ్మగారు ఒకే ఒక్క మాట అడిగారట: "ఏవండీ, ఈ ఏడు కొవ్వొత్తి ఎక్కడ పెట్టాలండీ?" తన క్లాసులో ఎంత చచ్చు ప్రశ్నకైనా జవాబు చెప్పనిదే ఊరుకోరు మాస్టారు. మర్నాడు స్టాఫు గదిలో నా పక్కన కూర్చుని, "పెనం ఇనుముదండీ. ఇనుమైతే దొరుకుతుంది" అన్నారు.

అక్కడ మొదలైంది చుట్టలు చుట్టడం. యంత్రమంటే ఏదో ఘనమైనదని అనుకోకండి. ఒక పెద్ద రాగితీగ చుట్ట, ఒక చిన్న పెట్టె, ఒక పాకెట్ ట్రాన్సిస్టరు రేడియో, అంతే. నాబోటి మందమతికి ఆయన ఇలా బోధపరిచారు: "చూడండి పంతులుగారూ, ఈ పెద్ద చుట్ట ఓ శ్రుతిలో ఊగుతుందండీ. పెట్టెలో ఉన్న చిన్న చుట్ట దాని శ్రుతిలో అది ఊగుతుంది. రెంటికీ తేడా ఉంటే రేడియోలో కూత వినపడుద్ది. పెద్ద చుట్ట కిందకి లోహం వచ్చిందనుకోండి, దాని శ్రుతి మారిపోయి కూత కూడా మారిపోద్ది. మీ భజనలో హార్మోనియం తప్పితే మీరు మొహం అదోలా పెట్టరూ? అలాగేనండీ." ఇంత సులభంగా చెబితే అర్థం కాకపోవడానికి నేను మరీ అంత మొద్దును కాను.

చుట్టకు గుండ్రటి చట్రం కావాలి, అందులో లోహం ఉండకూడదు. ఆయన సంతలో పిండి జల్లెడ కొని, దాని తెర ఊడదీసి, చట్రానికి ఉన్న చిన్న చిన్న మేకులన్నీ పీకి, వాటి బదులు దారంతో కుట్టించారు. అమలాపురంలో నీటి మోటార్లకు తీగ చుట్టే దుకాణం నుంచి మిగులు తీగ తెచ్చారు. అరుగు మీద పీట వేసుకుని, మోకాళ్ళ మధ్య చట్రం పెట్టుకుని, చుట్టు మీద చుట్టు ఎక్కకుండా, మధ్యలో వెలితి రాకుండా, తీగను బొటనవేలితో సవరదీస్తూ చుట్టేవారు. చుట్టుతున్నంతసేపూ ఎవరూ పలకరించకూడదు. ఒకసారి ప్రెసిడెంటుగారు వచ్చి నిలబడితే, తల ఎత్తకుండా "కూర్చోండి, ఈ వరస అయిపోనీండి" అన్నారు. ప్రెసిడెంటుగారు మారుమాట లేకుండా కూర్చున్నారు. తడి తగిలితే చుట్ట శ్రుతి తప్పుతుందని, పాత సమాధుల పండుగల్లో మిగిలిపోయిన కొవ్వొత్తి ముక్కలు కరిగించి, ఆ మైనం చుట్ట నిండా పోశారు కరుణమ్మగారు.

మైనం పోసినా సరిపోలేదు. తడి ఇసుక దగ్గరికి తీసుకెళితే చాలు, లోహం ఉన్నా లేకపోయినా కూత మారిపోతోంది. చుట్ట చుట్టూ పలచటి రేకు తొడగాలన్నారు. ఆ రేకు మా ఊళ్ళో ఎక్కడ దొరుకుతుంది? సిగరెట్టు పెట్టెల్లో దొరుకుతుంది! ఇంకేముంది, సాయంత్రమయ్యేసరికి మాస్టారు కిళ్ళీ బడ్డీ ముందు ఒంగి ఖాళీ పెట్టెలు ఏరడం మొదలుపెట్టారు. జన్మలో పొగ తాగి ఎరుగని మనిషి, సంఘపెద్ద! సంగతి చర్చిలో పాస్టరుగారి దాకా వెళ్ళింది. పాస్టరుగారు మొహమాటపడుతూ ఇంటికి వచ్చి, "మాస్టారూ, మీ గురించి నాలుగు మాటలు వింటున్నానండీ. ప్రార్థన చేసుకుందామా?" అన్నారు. "ఆయ్, తప్పకుండా చేద్దామండీ. ముందు మీకు తెలిసినవాళ్ళెవరైనా కాలుస్తుంటే పెట్టెలు నాకు పంపమనండి" అన్నారు మాస్టారు. కరుణమ్మగారు లోపలి నుంచి నవ్వడం వరద వచ్చాక మొదటిసారి నేను విన్నది ఆ రోజే.

రేకు తొడిగిన మొదటి చుట్ట ఘోరంగా విఫలమైంది. కిందకు గునపం పెట్టినా ఉలుకూ పలుకూ లేదు. ఒక పూటంతా తల పట్టుకుని కూర్చుని, చివరికి తన తలను తానే మొట్టుకున్నారు. "ముందూ వెనకా లేకుండా రేకంతా మూసేశానండీ. మొత్తం మూసేస్తే చెవిటిదైపోద్ది. ఓ వేలెడు సందు వదలాలి" అన్నారు. సందు వదిలి మళ్ళీ తొడిగారు, చుట్టకు ప్రాణం వచ్చింది. ఆ మాట ఆయనకు ఊతపదమైపోయింది. మా హెడ్మాస్టరుగారు ఒక ఏడు ఆటల పీరియడు కూడా తీసేసి టైంటేబుల్ నింపేస్తే, మీటింగులో లేచి, "ఓ వేలెడు సందు వదలండి సార్, చెవిటిదైపోద్ది" అన్నారు. ఎవరు చెవిటివారో తెలియక హెడ్మాస్టరుగారు తన చెవి తడుముకున్నారు. నేను బల్ల కింద తల పెట్టి నవ్వాను. ఆటల పీరియడు మాత్రం తిరిగి వచ్చింది.

ఈ లోగా లోకం తన పని తాను చేసింది. మాస్టారి దగ్గర బంగారాన్ని పసిగట్టే యంత్రం ఉందన్న వదంతి కొత్తపేట దాటిపోయింది. ఒక రైసుమిల్లు యజమాని కారు పంపాడు. వాళ్ళ తాతగారు పెరట్లో లంకెబిందెలు పాతిపెట్టి, ఎక్కడో చెప్పకుండానే పోయారట. మాస్టారికి కాదనడం రాదు, వెళ్ళారు, నన్నూ ఈడ్చుకెళ్ళారు. పెరటి మూలన కూత పెద్దగా మారింది. యజమానిగారి మొహంలో దీపావళి! నలుగురు మనుషులు చెమటలు కక్కుతూ తవ్వితే, బండి చక్రానికి వేసే తుప్పు పట్టిన ఇనుప పట్టా బయటపడింది. "మీ తాతగారి బండి దొరికిందండీ, సంతోషించండి" అన్నారు మాస్టారు, మనస్ఫూర్తిగా. తిరిగి వచ్చేటప్పుడు మాకు కారు ఇవ్వలేదు, బస్సులో వచ్చాం.

లంకలో వెతుకులాట ఆదివారాలు ప్రార్థన అయ్యాక సాగేది. మొదటి నాలుగైదు వారాలు ఆయన ఒక్కరే వెళ్ళి, మొహం వేలాడేసుకుని తిరిగి వచ్చారు. కారణం, గోదావరి నల్లిసుక. మా ఏటి ఇసుకలో అక్కడక్కడ ఇనుప రజను కలిసిన నల్లటి చారలుంటాయి. అవి తగిలిన చోటల్లా చుట్ట కూత మార్చేసేది. పోనీ తేడా పట్టుకుందామంటే, మాస్టారికి చిన్నప్పుడు చీము పట్టి ఒక చెవి సరిగా వినపడదు, రెండో చెవి అంతంతమాత్రం. ఒక రోజు నా దగ్గరికి వచ్చి, చాలాసేపు గొణిగి, "పంతులుగారూ, నల్లిసుకకి కూత గొంతు తగ్గుద్దండీ. పెనంలాంటి వెడల్పు రేకుకి గొంతు పెరుగుద్ది. తేడా బెత్తెడేనండీ, నాకు పట్టు దొరకట్లేదు. మీది పద్యం పాడే చెవి కదా, ఓసారి వచ్చి వింటారా?" అన్నారు. నా జన్మలో నా చెవిని ఇంత గౌరవించినవారు లేరు. "నడవండి" అన్నాను.

అలా మేమిద్దరం ఒక యంత్రమయ్యాం. ఆయన చుట్టను ఇసుకకు బెత్తెడు ఎత్తున పట్టుకుని చీపురు ఊడ్చినట్టు అటూ ఇటూ ఆడిస్తూ నడిచేవారు. నేను రేడియోకు తగిలించిన ఇయర్‌ఫోను గొట్టం చెవిలో పెట్టుకుని వెనక నడిచేవాణ్ణి. పండితుడికి జంధ్యం, సైన్సు మాస్టారికి సిలువ, మధ్యలో ఒక వైరు. లంక ఆడవాళ్ళు పనులు మానుకుని మమ్మల్ని చూసి కిసుక్కుమనేవారు. "తగ్గింది, తగ్గింది, మామూలు, తగ్గింది" అని నేను చెబుతూ పోవడం, ఆయన 'ఆయ్' 'ఆయ్' అంటూ సాగడం. ఎండకు నా నెత్తి మాడిపోయేది. "ఏమిటండీ ఈ ఖర్మ!" అని విసుక్కున్నాను కూడా. ఆయన ఆగి, తన తలపాగా విప్పి నా తలకు చుట్టారు. ఆ తరువాత నేను విసుక్కోలేదు.

పండుగ ఇంకో వారం ఉందనగా దొరికింది. మధ్యాహ్నం వేళ, ఏటి వైపు వాలులో, మేము రెండుసార్లు దాటి వెళ్ళిన చోటే. నల్లిసుక చార మీద గొంతు దిగి, దిగి, హఠాత్తుగా పద్యం ఎత్తుకున్నట్టు పైకి లేచింది. "పెరిగింది! ఆగండి! పెరిగిందండీ!" అని అరిచాను. మాస్టారు కదలకుండా నిలబడిపోయారు. పార పట్టుకుని పరుగెత్తుకొచ్చిన మనిషిని "వద్దు, పార వద్దు" అని వారించి, ఆయనే మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో ఇసుక తోడడం మొదలుపెట్టారు. నేనూ కూర్చున్నాను. ఇసుక తోడిన కొద్దీ జారిపడుతోంది. చివరికి నా వేళ్ళకు గరుగ్గా, వెడల్పుగా, చల్లగా తగిలింది. మాస్టారి వైపు చూశాను. ఆయన అప్పటికే పార తెచ్చిన మనిషిని కరుణమ్మగారి కోసం పంపించేశారు.

కరుణమ్మగారు నావ దిగి, ఇసుకలో కాళ్ళు కూరుకుపోతుంటే పరుగులాంటి నడకతో వచ్చారు. తుప్పు పట్టి పొరలు లేచిపోతున్న ఆ పెనం వీపు మీద చేయి వేసి, అంచంతా తడిమి, ఒక చోట ఆగారు. "మా అత్తగారి పెనమేనండీ. ఇదిగో ఈ సొట్ట నేను నూతి చపటా మీద పడేసినప్పుడు పడింది. ఎన్ని తిట్లు తిట్టేరో!" అన్నారు. మాస్టారు పెనాన్ని కొంచెం కదిపి సరిగ్గా సర్దబోయారు. "ఎత్తకండీ. నిద్రపోతున్నాడు" అన్నారు ఆవిడ. అప్పుడు వచ్చింది ఏడుపు, అన్నేళ్ళదీ కలిపి. నేనూ ఏడ్చాను. మాస్టారు మాత్రం చుట్ట భుజాన వేసుకుని, ఏటి ఒడ్డుకు వెళ్ళి, మాకు వీపు పెట్టి నిలబడ్డారు. ఆ పండుగకు ఆ లంకలో తన చోట వెలిగిన కొవ్వొత్తి ఆ బిడ్డదొక్కటే.

అదే ఆయనను కలచివేసింది. పెనం దొరికిన రోజే ఒక ముసలామె వచ్చి ఆయన చేయి పట్టుకుంది. "బాబూ, మా ఆయన్ని కూడా చూసిపెట్టవా నాయనా? ఇక్కడే ఎక్కడో ఉండాలి" అంది. చాపలో చుట్టి పాతిపెట్టిన మనిషి, కర్ర సిలువ. చుట్టకు వినిపించడానికి ఆయన మీద ఏముంది? "లేదమ్మా, నా వల్ల కాదు" అని చెప్పవలసి వచ్చింది. ఆ రోజు నావలో మాస్టారు తన సంతోషాన్ని పూర్తిగా మరిచిపోయారు. "మనది దొరికింది గనక మనం ఇంటికెళ్ళిపోతున్నామండీ. ఆవిడ ఎక్కడికెళ్తుంది?" అని నన్ను అడిగారు.

తరువాత ఆ లంకలో కొత్త ఆచారం ఒకటి పుట్టింది. ఎవరూ శాసించలేదు, మాస్టారు కూడా చెప్పలేదు. ఎవరు పోయినా, గొయ్యి పూడ్చేటప్పుడు పైన ఇంట్లోని వెడల్పు ఇనుప వస్తువు ఏదో ఒకటి పెట్టి మట్టి కప్పుతున్నారు. చిల్లుపడ్డ మూకుడు, విరిగిన పార, అరిగిపోయిన నాగలి కర్రు. 'మాస్టారికి వినపడాలి కదా' అన్నది వారి మాట. పాస్టరుగారు మొదట అభ్యంతరం చెప్పారు. ఇది పాత అన్యమతాచారాల్లోకి దిగడం కాదా అని ఆయన సందేహం. మాస్టారు వినయంగా, "అయ్యగారండీ, ఇది ఆచారం కాదండీ, ఆనవాలు. దేవుడికి మన పేర్లు గుర్తుంటాయి గానీ వరదకి గుర్తుండవు కదండీ" అన్నారు. పాస్టరుగారు ఆలోచించి తల ఊపారు. తరువాత వచ్చిన ప్రతి పెద్ద వరదకీ నీరు తీయగానే మేమిద్దరం వెళ్ళాం. ఆయన ఏటేటా కొత్త చుట్ట చుట్టేవారు, పాతది తడికి పాడైపోయేది. ఒక్కొక్క కూత పైకి లేచినప్పుడల్లా ఒక్కొక్క కుటుంబం పరుగెత్తుకొచ్చి కూర్చునేది. ఏ ఒక్కరి దగ్గరా ఆయన గ్లాసుడు మజ్జిగ తప్ప మరేమీ పుచ్చుకోలేదు.

యంత్రం ఎలా చేశారో కాగితం మీద పెట్టమని నేను చాలాసార్లు పోరాను. "రాస్తే రాదండీ, చుట్టాలి. చేతికి తెలియాలి" అనేవారు. ఈ విషయంలో మాత్రం ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే. ఇన్ని వందల మంది పిల్లలకు పాఠం చెప్పిన మనిషి, ఈ ఒక్క పాఠం ఎవరికీ చెప్పకుండా పోవచ్చునా? నేనున్నాను కదా అన్న ధీమా! ఎవరి ధీమా ఎంతో ఇప్పుడు తెలిసింది.

ఆయనను ఆ లంకలోనే, బిడ్డ పక్కనే ఉంచారు. నేను నావ దిగేసరికి లంకంతా అక్కడే ఉంది. పాస్టరుగారు ప్రార్థన ముగించారు, మట్టి పోశారు. అప్పుడు ఒక వృద్ధుడు అరిగిపోయిన నాగలి కర్రు పట్టుకుని ముందుకు వచ్చి, గోతి దగ్గర ఆగిపోయాడు. అటూ ఇటూ చూశాడు. "పంతులుగారండీ, ఇది పెట్టమంటారా, వద్దంటారా? వెతికే బాబే ఈయన కదండీ" అన్నాడు. కరుణమ్మగారు కూతుళ్ళ చేతులు విడిపించుకుని వచ్చి, కర్రు అందుకుని, తన చేతులతో ఆయన గుండెకు సరిగా పైన పెట్టారు. "పెట్టాలండీ. వరద మానదు కదా" అన్నారు. ఆ మీదట నా వైపు తిరిగి, "మీకు వినపడుతుంది కదా, పంతులుగారూ?" అని అడిగారు. వినపడుతుందమ్మా అన్నాను. ఇంకేం అనను?

జీవరత్నం మాస్టారిని గురించి పెద్దపెద్ద మాటలు అక్కర్లేదని మొదట్లోనే అన్నాను. ఆయన ధన్యజీవి, పరోపకారపరాయణుడు, నా ప్రాణమిత్రుడు. ఇవి అలవాటు కొద్దీ రాస్తున్న విశేషణాలు కావు, గుండెలోంచి వస్తున్నవి. మా ఊరి బడికి మరో సైన్సు మాస్టారు వచ్చారు. నా పక్క కుర్చీలో ఇప్పుడు ఆయన కూర్చుంటున్నారు. కానీ ఈ వానాకాలం గోదావరి పొంగితే ఆ లంక జనం ఎవరి గుమ్మం ముందు నిలబడతారు?

అందుకే నిన్న నేను సంతకు వెళ్ళి జల్లెడ ఒకటి కొన్నాను. నవ్వకండి. తెర ఊడదీశాను, మేకులు పీకాను. అమలాపురం వెళ్ళి తీగ తెచ్చాను. మాస్టారి ఇంటి అరుగు మీదే పీట వేసుకుని, మోకాళ్ళ మధ్య పెట్టుకుని, చుట్టు మీద చుట్టు ఎక్కకుండా చుట్టాను. మైనం పోశాను. రేకు తొడిగి వేలెడు సందు వదిలాను. ఆయన పెట్టెకు కలిపి, కింద కరుణమ్మగారి కత్తిపీట పెట్టి, గొట్టం చెవిలో పెట్టుకుని కూర్చున్నాను. ఏమీ వినపడలేదు. విప్పి మళ్ళీ చుట్టాను. వినపడలేదు. ఎక్కడ తప్పు చుట్టానండీ, మాస్టారూ?